ఆరేళ్ల డీటీహెచ్ కనెక్షన్: బొమ్మతో పేచీ లేదు, విజిట్‌తోనే

వాన వెలిసిన మర్నాడు సగం చానళ్లు వస్తూ సగం రాకపోతే అది బాక్సు తప్పు కాదు, డిష్ పక్కకి తిరగనూ లేదు. ఈ ముక్క ముందే తెలిసుంటే మూడు విజిట్ల డబ్బులూ తొమ్మిది రోజుల సీరియళ్లూ దక్కేవి. తెనాలిలో రెండంతస్తుల డాబా, ఆరేళ్లుగా ఒకటే కనెక్షన్, ఒకటే బాక్సు. కంపెనీ పేరు చెప్పను. చెప్పబోయేది ఏ కంపెనీ డిష్‌కైనా వర్తించేదే. బొమ్మ ఎలా ఉంది, చానళ్లు ఎన్ని, రిమోట్ ఎలా ఉంది అనేవి ఇక్కడ వెతక్కండి. అవి అన్నిచోట్లా ఇంచుమించు ఒకటే, యాప్ తెరిస్తే కనిపిస్తాయి. యాప్‌లో సులువుగా కనిపించనిది ఒకటుంది: వారంటీ ఏడాది దాటాక మీ మెట్లెక్కి వచ్చే మనిషికి ఎంత ఇవ్వాలి, దేనికివ్వాలి, ఎన్నిసార్లివ్వాలి అన్నది.

2017లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన సేవా ప్రమాణాల నిబంధనల్లో దీనికి హద్దు ఉండేది. ఇన్‌స్టలేషన్‌కి 350, యాక్టివేషన్‌కి 100, ఫిర్యాదు మీద ఇంటికొస్తే 250 రూపాయలు, అంతకు మించకూడదు. వారంటీలో ఉంటే ఆ 250 కూడా లేదు. 2024 జూలై సవరణల్లో ఈ హద్దులన్నీ ఎత్తేశారు. ఎంతైనా పెట్టుకోవచ్చు, కాకపోతే ఆ ధరలు బయటికి ప్రకటించాలి. ఒకప్పుడు 130 రూపాయలుగా, జీఎస్టీతో కలిపి 153 రూపాయల 40 పైసలుగా ఉన్న నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు, అంటే చానళ్ల ధర కాక కనెక్షన్‌కి నెలనెలా కట్టేది, దాని సీలింగు కూడా అప్పుడే పోయింది. జనం మాత్రం ఇప్పటికీ ప్యాక్ ధరలే పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నారు. ఒక కంపెనీ ప్యాక్‌కీ ఇంకో కంపెనీ ప్యాక్‌కీ నెలకి ఇరవై, ముప్పై తేడా ఉంటే గొప్ప. ఒక్క విజిట్‌తో ఏడాది తేడా అంతా తుడిచిపెట్టుకుపోతుంది.

ధర ఎంత అని అడిగితే సరిపోదు, అది ఫిర్యాదుకా రాకకా అని అడగాలి. పాత నిబంధనలో ఉన్నది ఫిర్యాదుకే. ఒకే జబ్బుకి మూడుసార్లు వచ్చినా ఒక్క చార్జీయే పడాలి. మరి మాకు మూడెలా పడ్డాయంటే, ఓటీపీ వల్ల. పని అయిపోయిందని టెక్నీషియన్ చెప్పగానే మీ ఫోన్‌కి నాలుగంకెలు వస్తాయి. అవి చెప్పిన క్షణంలో ఫిర్యాదు ‘పరిష్కారమైంది’ అని మూసుకుంటుంది. మర్నాడు అదే బాధ మళ్లీ వస్తే అది కొత్త ఫిర్యాదు, కొత్త నంబరు, కొత్త చార్జీ. అందుకే ఆ నాలుగంకెలు చెప్పే ముందు కనీసం పదిహేను చానళ్లు తిప్పి చూడండి. రోగం వానకో చెమ్మకో వచ్చేదైతే, ‘రాత్రికి చూసి చెబుతాను బాబూ, అప్పటిదాకా కంప్లైంటు తెరిచే ఉంచు’ అనండి. ఆ అబ్బాయి మొహం మాడుతుంది. అతని మీద కోపం పెట్టుకోకండి, మూసిన ఫిర్యాదుల లెక్క మీదే అతనికి కూలి గిట్టుబాటు. అయినా ఓటీపీ మాత్రం చెప్పొద్దు.

ఇక రోగం సంగతి. ఆగస్టులో నాలుగు రోజుల ముసురు వదిలాక ఒక పొద్దున చూస్తే వార్తా చానళ్లలో మూడున్నాయి, రెండు లేవు. ఒక వినోద చానల్ మామూలుది వస్తోంది, దాని హెచ్‌డీ రావడం లేదు. క్రీడలు అసలే లేవు. మధ్యాహ్నం ఎండ కాసేసరికి అన్నీ వచ్చేశాయి. రాత్రి చెమ్మకి మళ్లీ సగం మాయం. ఎండకి రావడం, చెమ్మకి పోవడం: లక్షణం అంతా ఇందులోనే ఉంది. కాల్ సెంటర్‌లో ఇది చెబితే బాక్సు ఆపి మళ్లీ వేయమన్నారు.

మొదటిసారి వచ్చినప్పుడు డిష్ నట్లు వదులు చేసి, అటూ ఇటూ కదిపి, సిగ్నల్ క్వాలిటీ 68 నుంచి 74కి తెచ్చి బిగించారు. అన్ని చానళ్లూ వచ్చాయి. డిష్ కదిపినందుకు రాలేదు, మీటరు పెట్టడానికి కేబుల్ లాగినప్పుడు ఎక్కడో వదులుగా ఉన్న తీగ కాసేపు కరుచుకున్నందుకు వచ్చాయి. రెండో రోజుకి షరా మామూలే. రెండోసారి డిష్ ముందు సిగ్నల్ పట్టే డబ్బీ, ఎల్‌ఎన్‌బీ మార్చారు, దాని ధర అదనం. నాలుగు రోజులు బాగుంది, ఎందుకంటే ఆ నాలుగు రోజులూ చుక్క వాన లేదు. మూడోసారి వచ్చిన మనిషి పైకి ఎక్కను కూడా లేదు. ‘బాక్స్ వీకైపోయిందండి, పాత మోడలు, ఎక్స్ఛేంజిలో కొత్తది పెట్టించుకోండి’ అన్నాడు. వారంటీ దాటిన ప్రతి ఇంట్లోనూ చివరికి వినబడే మాట అదే.

బాక్సు ఎందుకు కాదో చెబుతాను. డిష్ ముందు చేతి చివర ఉండే ఎల్‌ఎన్‌బీకి విడిగా కరెంటు ఉండదు. సిగ్నల్ దిగే కేబుల్‌లోంచే బాక్సు దానికి కరెంటు పంపుతుంది. ఉపగ్రహం నుంచి చానళ్లు రెండు వరసల్లో వస్తాయి, ఒకటి నిలువు, ఒకటి అడ్డం. నిలువు వరస చానల్ పెడితే బాక్సు 13 వోల్టులు పంపుతుంది, అడ్డం వరసదైతే 18. ఎల్‌ఎన్‌బీ ఆ వోల్టేజీని బట్టే ఏ వరస పట్టాలో తేల్చుకుంటుంది. ఆ రెంటినీ వేరు చేసే గీత 15 వోల్టులకి కాస్త అటూ ఇటుగా ఉంటుంది. దారిలో ఎక్కడైనా చిలుము పట్టి 18 కాస్తా 14 అయితే, అడ్డం వరస అడిగినా అది నిలువు వరసే అందిస్తుంది. బాక్సు తెర మీద సిగ్నల్ లేదని రాస్తుంది. నిలువు వరసకి పంపిన 13లో కొంత పోయినా చాలా ఎల్‌ఎన్‌బీలు ఎలాగోలా లాక్కొస్తాయి. సగం రావడం, సగం పోవడం వెనక ఉన్న మర్మం ఇదే. బాక్సే పాడైతే ఎండా వానా చూసుకుని పాడవదు.

ఇక్కడ టెక్నీషియన్లు కూడా పొరబడే చోటొకటుంది. ఎల్‌ఎన్‌బీ దగ్గర కేబుల్ విప్పి మల్టీమీటరు పెడితే 18 వోల్టులు బాగానే చూపిస్తుంది. ఎందుకంటే ఆ సమయంలో కేబుల్‌లో కరెంటు పారడం లేదు. పారనప్పుడు చిలుము అడ్డం పడదు, వోల్టేజీ పడిపోదు. లోడు పెట్టి, అంటే కరెంటు పారనిచ్చి కొలవాలి. ఎల్‌ఎన్‌బీ తాగే కరెంటు 100, 150 మిల్లీ ఆంపియర్ల మధ్య ఉంటుంది. దాని బదులు 150 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టరు ఒకటి కేబుల్ నడిమి తీగకీ దాని చుట్టూ ఉండే పైజాలీకీ మధ్య కలిపితే దాదాపు అంతే కరెంటు లాగుతుంది. రేడియో రిపేరు సామాన్లు అమ్మే ఏ కొట్లోనైనా కొన్ని రూపాయలకి దొరుకుతుంది. 5 వాట్లదే అడగండి, చిన్నది పెడితే వేలు కాలుతుంది. మా మేడ మీద రెసిస్టరు లేకుండా 18.1 వోల్టులు, పెట్టాక 13.9. నాలుగు వోల్టులు దారిలోనే పోతున్నాయి. డిష్‌కి వాడే ఆర్‌జీ 6 రకం మంచి కేబుల్ ఇరవై మీటర్లలో పోవాల్సింది అర వోల్టులోపే.

పోతున్న చోటు పిట్టగోడ మూల దొరికింది. తెల్ల పీవీసీ టేపు చుట్టిన ముడి. టేపు ఎండకి జిగురు కరిగి, వేలు పెడితే అరటి తొక్కలా ఊడొచ్చింది. లోపల రెండు కేబుల్ ముక్కల్ని కలిపే జాయింటరు, దాని నోట్లో పచ్చగా చిలుము, నడిమి తీగ కొసన రాగి పూత పోయి నల్లటి ఇనుము. ఆర్‌జీ 6లో నడిమి తీగ చాలావరకు ఉక్కే, మీద రాగి పూత మాత్రమే. నీళ్లు తగిలితే పూత తినేస్తుంది, ఆ తర్వాత తుప్పే.

ఆ ముడి అక్కడికెలా వచ్చిందన్నది కాంట్రాక్టు సంగతి. ఇన్‌స్టలేషన్‌తో వచ్చే కేబుల్ సాధారణంగా 10 మీటర్లే. డాబా మీంచి హాల్లోకి మాకు 21 మీటర్లు పట్టింది. అదనపు కేబుల్‌కి డబ్బు అడిగితే గొడవని బిగించిన అబ్బాయి సంచిలో ఉన్న ముక్క కలిపేశాడు. ఇంకో 11 మీటర్లకి ఆ రోజే డబ్బిచ్చి ఒకటే తీగ వేయించి ఉంటే ఈ సమీక్షే లేదు. కొత్త కనెక్షన్ పెట్టించుకునే రోజు చేయవలసిన పని ఇదొక్కటే అనుకోండి: డిష్ నుంచి బాక్సు దాకా ఎంత పొడవో ముందే తాడుతో కొలిచి, మధ్యలో అతుకు లేకుండా ఒకటే కేబుల్ వేయమని నిలబడి వేయించుకోండి.

ఎల్‌ఎన్‌బీ దగ్గర కనెక్టరు ఎలాగూ తప్పదు. అది బాగా పడాలంటే పైతొక్క పదిహేను మిల్లీమీటర్లు తీసి, జాలీని వెనక్కి మడిచి, లోపలి తెల్ల నురగని సగందాకా కోసి, నడిమి తీగకి గీత పడకుండా బయటపెట్టాలి. కనెక్టరు తిప్పి బిగించాక తీగ దాని అంచు దాటి రెండు మిల్లీమీటర్లు కనబడాలి. తక్కువైతే ఆనదు, ఎక్కువైతే లోపలి పిన్ను వంగుతుంది. జాలీలోని ఒక్క వెంట్రుకైనా నడిమి తీగకి తగిలితే షార్టు. అందుకే ఈ పని చేసేటప్పుడు బాక్సు ప్లగ్గు పీకెయ్యాలి, స్విచ్ ఆపితే చాలదు. బిగించాక నల్ల రబ్బరు టేపు, అంటే సాగదీసి చుడితే తనకి తానే అతుక్కుపోయేది, చుట్టాలి. కరెంటు పనికి వాడే మామూలు పీవీసీ టేపు మన ఎండలకి ఒక్క వేసవి కూడా ఆగదు. ఎల్‌ఎన్‌బీ నుంచి దిగే కేబుల్‌ని తిన్నగా కాకుండా కిందికి ఒక వంపు తిప్పి తీసుకెళ్తే నీళ్లు ఆ వంపు అడుగునే కారిపోతాయి, కనెక్టరులోకి ఎక్కవు. 21 మీటర్ల కొత్త కేబుల్, రెండు కనెక్టర్లు, ఒక చుట్ట టేపు. మూడు విజిట్ల ఖర్చులో సగం కూడా కాలేదు. రెండు వానాకాలాలు గడిచాయి, ఒక్క చానల్ పోలేదు.

మరి బాక్సు నిజంగా పోతే ఎలా తెలుస్తుంది? చాలాసార్లు పోయేది బాక్సు కాదు, దాని అడాప్టరు. ఎర్ర దీపం వెలిగి ఆరడం, తెర మీద కంపెనీ బొమ్మ వచ్చి మళ్లీ మొదటికి రావడం ఉంటే ముందు అడాప్టరు మార్చి చూడండి. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు ఎక్కువున్నా పర్వాలేదు, తక్కువ కాకూడదు. పిడుగు పడి పోతే వేరు: బాక్సు పనిచేస్తున్నట్టే ఉంటుంది గానీ హెచ్‌డీఎంఐలోంచి బొమ్మ రాదు, పాత మూడు రంగుల తీగలతో పెడితే వస్తుంది. ఉరుములప్పుడు ప్లగ్గు ఒక్కటే పీకితే చాలదు, వెనక కేబుల్ కూడా విప్పాలి.

సెట్టింగ్స్‌లో సిగ్నల్ పేజీ చూడటం నేర్చుకుంటే సగం విజిట్లు తప్పుతాయి. అక్కడ స్ట్రెంత్, క్వాలిటీ అని రెండంకెలుంటాయి. రెండూ సున్నా అయితే కేబుల్ తెగిందో, షార్టయిందో, ఎల్‌ఎన్‌బీ చచ్చిందో. స్ట్రెంత్ ఉండి క్వాలిటీ సున్నా అయితే డిష్ తిరిగింది, లేదా ఏదో అడ్డొచ్చింది. మా వీధిలో అయితే కోతి ఊగింది. ఇంకోటి, ఎల్‌ఎన్‌బీ మూతికుండే ప్లాస్టిక్ మూత నాలుగైదేళ్ల ఎండకి పెళుసెక్కి పగులుతుంది. ఆ కన్నంలో కుమ్మరి పురుగు మట్టిగూడు కడితే ఎంత మంచి డిష్ అయినా గుడ్డిదే.

ఇంకో సంగతి చెప్పాలి, దీనికి విజిట్ పెట్టించుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. మార్చి రెండో వారంలో కొన్నాళ్లు, సెప్టెంబరు ఆఖరున, అక్టోబరు మొదట్లో కొన్నాళ్లు, ఎండ పెళపెళ్లాడుతున్నప్పుడే రోజూ ఒకే వేళకి కొద్ది నిమిషాలు సిగ్నల్ పోతుంది. అప్పుడు సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కి వస్తాడు, ఆ వేడి హోరులో సిగ్నల్ మునిగిపోతుంది. దక్షిణానికి చూసే డిష్‌లకి ఇది పన్నెండు ప్రాంతంలో, బాగా తూర్పుకి వాలినవాటికి ఉదయం పది ప్రాంతంలో. చేయగలిగింది లేదు, మజ్జిగ తాగి రావడమే.

మొదట్లో మా డిష్‌ని నలుగురికీ మెచ్చుకుని చెప్పేవాళ్లం, వానకి కూడా పోదని. ఆ మెప్పులో సగం కంపెనీది కాదు, మా ఇంటి దిక్కుది. ఎంచుకునేటప్పుడు ఎవరూ చూడనిది కూడా ఇదే. టాటా ప్లే ఉపగ్రహం 83 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డీ2హెచ్‌ది 88, సన్ డైరెక్ట్, డీడీ ఫ్రీ డిష్ 93.5, డిష్ టీవీ 95, ఎయిర్‌టెల్ 108.2. గుంటూరు, విజయవాడ ప్రాంతం నుంచి చూస్తే 83 డిగ్రీలది దాదాపు నేరుగా దక్షిణాన, నెత్తి మీద అన్నట్టు 70 డిగ్రీల ఎత్తున ఉంటుంది. 95ది ఆగ్నేయానికి దగ్గరగా, 64 డిగ్రీల ఎత్తున. 108.2ది ఆగ్నేయం దాటి తూర్పుకి జరిగి, 53 డిగ్రీల ఎత్తున. హైదరాబాదులో ఇది ఇంకో రెండు డిగ్రీలు దిగుతుంది. ఎత్తు ఎక్కువైతే సిగ్నల్ వానమబ్బులో నడిచే దూరం తగ్గుతుంది, అడ్డాలూ తగ్గుతాయి. తక్కువైతే పనికిరాదని కాదు, ముందు ఖాళీ ఉండాలి, అంతే. లెక్క సులువు. మీ డిష్ కంటే ముప్పై అడుగులు ఎత్తున్న భవనం ఆ దిక్కున ఉంటే, 83కి పదకొండు అడుగుల దూరం చాలు, 108.2కి ఇరవై మూడు కావాలి. మన సందుల్లో పక్కింటికి పదకొండు అడుగులుంటేనే ఎక్కువ.

దీంట్లో మోసపోయే చోటు ఒకటుంది. ఈ డిష్‌లు తమ ముఖం ఎటుందో అటు చూడవు. ఎల్‌ఎన్‌బీ కిందికి జరిపి పెట్టినవి కాబట్టి ముఖం చూపే దానికంటే ఇరవై, ఇరవైనాలుగు డిగ్రీలు పైకి చూస్తాయి. అందుకని ఎదురుగా ఉన్న గోడ అడ్డనిపించినా అడ్డు కాకపోవచ్చు, పైకి వంగిన కొబ్బరి మట్ట మాత్రం అడ్డమవుతుంది. డిష్ నాటిన రోజు లేని మట్ట మూడేళ్లకి వస్తుంది. మా వాన మెప్పుకి రెండో సవరణ అదే: నాలుగో ఏడు నుంచి గాలివానకి బొమ్మ గళ్లు గళ్లుగా విరిగేది, పక్కవాళ్ల చెట్టు మట్టలు రెండు కొట్టించాక పోయింది.

డబ్బు కాంట్రాక్టుల్లో నేను తప్పించుకోమనేది ఏడాది ప్యాక్. పన్నెండు నెలలకి కడితే ఒక నెల కలిసొస్తుందంటారు, నిజమే. కానీ మధ్యలో ప్యాక్ మారిస్తే ఆ తగ్గింపు తీసేసి రోజుల చొప్పున మళ్లీ లెక్కగట్టారు మాకు. మిగిలింది బ్యాంకుకి రాలేదు, అదే ఖాతాలో నిల్వగా పడింది. పై నుంచి, రోగం వచ్చినప్పుడు ‘మానేస్తాను’ అనే మాటకి బలం పోతుంది. ఎనిమిది నెలల డబ్బు వాళ్ల దగ్గరుంటే ఎక్కడికి పోతాం? నెలనెలా కట్టేవాడి ఫోనుకే రాయితీలు వస్తాయి. దేశంలో డబ్బు కట్టి చూసే డీటీహెచ్ ఇళ్లు 2021లో ఏడు కోట్ల దగ్గర ఉండి, 2025కి ఆరు కోట్ల దిగువకి వచ్చాయి. పోతానన్నవాణ్ని ఆపుకోవడం వాళ్లకిప్పుడు అవసరం. రీచార్జి ఆపి వారం ఓపిక పడితే చాలాసార్లు వాళ్లే పిలుస్తారు.

ఇదే కాంట్రాక్టులో నాకు నచ్చిన ఒకే ఒక్క వెసులుబాటు తాత్కాలిక నిలుపుదల. వేసవికి నెలా రెండు నెలలు ఇల్లు తాళం వేసేవాళ్లు, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే పెద్దవాళ్లు దీన్ని వాడరు, చాలామందికి తెలియదు. పదిహేను రోజుల ముందు చెబితే నెలల లెక్కన ఆపుతారు, ఆ నెలలకి చందా పడదు. బాక్సు అద్దెదైతే అద్దె మాత్రం నడుస్తుంది. మళ్లీ తెరవడానికి ఉన్న పాత చార్జీ హద్దు కూడా 2024లో పోయింది కాబట్టి, అదెంతన్నది ముందే అడగండి. తెరిచాక బాక్సుకి అనుమతులు ఎక్కడానికి కాస్త సమయం పడుతుంది. బాక్సు ఆన్ చేసి డబ్బు కట్టి చూసే ఏదో ఒక చానల్ మీద పెట్టి వదిలెయ్యాలి, ఆపితే ఎక్కదు.

చానళ్ల గురించి ఒక్క మాటే. 2023 ఫిబ్రవరి నుంచి 19 రూపాయలు మించిన చానల్‌ని గుత్తిలో, అంటే కలిపి అమ్మే ప్యాక్‌లో కలపకూడదన్నది నియమం. కాబట్టి నాలుగైదు తెలుగు చానళ్లే చూసే ఇల్లయితే విడివిడిగా కొంటే ఎంతో ఒక కాగితం మీద కూడి చూసుకోండి. క్రికెట్ కలిస్తే గుత్తే చవక, కలవకపోతే తరచూ విడివే చవక. చెన్నైలోనో బెంగళూరులోనో ఉండే తెలుగువాళ్లకి డీటీహెచ్ ఇప్పటికీ మంచి బేరం. అక్కడి కేబుల్‌లో మన చానళ్లు అరకొర, డిష్‌లో మాత్రం ఇక్కడున్నవే అక్కడా. ఇల్లు మారితే బాక్సు మోసుకుపోవచ్చు, డిష్ మళ్లీ నాటించుకోవాలి. కంపెనీ మారితే తలకిందులు: డిష్, కేబుల్ చాలావరకు పనికొస్తాయి, బాక్సు పనికిరాదు. ఒకరి బాక్సు ఇంకొకరి సిగ్నల్ తెరవదు. కొత్త కంపెనీ వాళ్లు పాత డిష్‌నే తిప్పి పెట్టి, పూర్తి సెట్టు ధర తీసుకోకుండా చూసుకోండి. బిల్లు మీద బాక్సు ఎంత, ఇన్‌స్టలేషన్ ఎంత, బాక్సు సొంతమా అద్దెకా అని మూడూ రాయించుకోండి. వారంటీ బాక్సుకే కాదు, ఎల్‌ఎన్‌బీకి కూడా ఉందా అని అడిగితే బిగించేవాడికే సరిగ్గా తెలియదు, కాబట్టి కాల్ సెంటర్‌లో అడగాలి.

ఫిర్యాదు తేలకపోతే ట్రాయ్‌కి రాయడం వృథా, వాళ్లు ఒక్కొక్కరి ఫిర్యాదు పట్టుకోరు. ముందు కాల్ సెంటర్‌లో నంబరు తీసుకోవాలి, ఎస్‌ఎంఎస్ దాచుకోవాలి. సిగ్నల్ అసలు లేకపోతే 24 గంటలు, బిల్లు గొడవలు కాక మిగతావాటికి 72 గంటలు గడువు. దాటితే అదే కంపెనీలో తేలని ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి, ఆ పైన 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి. మూడో విజిట్ చార్జీ మాకు తిరిగొచ్చింది అక్కడికి వెళ్లాకే. ముందు రెండూ రాలేదు, వాటికి ఓటీపీ మేమే చెప్పాం కదా.

ఇంతా చెప్పి ఈ కనెక్షన్ మానేశామా అంటే, లేదు. మా వీధికి ఫైబర్ వచ్చింది గానీ వానకి స్తంభం దగ్గర అదీ పోతోంది, ఇంట్లో పెద్దవాళ్లకి అంకెలు నొక్కితే చానల్ రావాలి. ఫైబర్ గట్టిగా ఉండి, ఫోన్‌లోనే అన్నీ చూసే ఇల్లయితే ఈ డిష్ గొడవే పెట్టుకోనక్కర్లేదు. అద్దె ఇల్లయితే, మేడ మీదకి వెళ్లే తాళం ఓనరు దగ్గరుంటే, అసలే వద్దు. ప్రతి కనెక్టరుకీ ఆయన్ని బతిమాలుకోవాలి. సొంత డాబా, దక్షిణం ఖాళీ, నిచ్చెన ఎక్కగలిగినవాళ్లు ఒకరు ఇంట్లో ఉంటే పర్వాలేదు. వచ్చే ఏడాదికి బాక్సుకి ఏడేళ్లు నిండుతాయి. అప్పుడు మళ్లీ ‘వీకైపోయిందండి’ అంటారని తెలుసు, రెసిస్టరు రిమోట్ పక్కనే పెట్టాం.